గాజుపలక మీద నా కడుపుగోడ

నాకు ఆపరేషన్ జరిగి అయిదో ఏడు నడుస్తోంది. ఇప్పటికీ ఆర్నెల్లకోసారి తిరుపతి వెళ్ళి చూపించుకుంటాను. ఈమధ్య మా కాలేజీలోగాని, మా వీధిలోగాని ఎవరికి కడుపులో తేడా వచ్చినా నా దగ్గరికి పంపుతున్నారు. వచ్చినవాళ్ళకు మొదటినుంచీ చెప్పాలి. చెప్పకూడదని కాదు, కానీ చెప్పిన రోజు ఇంకే పనీ చేయలేను. పడుకుండిపోతాను. ఒకసారి కూర్చుని రాసేస్తే, అడిగినవాళ్ళ చేతిలో ఈ కాగితాలు పెట్టవచ్చు కదా అని మొదలుపెట్టాను. కొంత నాకోసం కూడా. కొన్ని సంగతులు రాస్తే తప్ప మనసులో కుదురుకోవడం లేదు.

నేను చిత్తూరులో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. మా ఆయన శ్రీనివాసులు కోర్టులో గుమాస్తా. మాకు పిల్లలు లేరు. నాకు ఒక్కడే తమ్ముడు, మునిరత్నం. మా అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. వాడికి తల దువ్వి, అన్నం కలిపి పెట్టి బడికి పంపింది నేనే. ఇప్పుడు నగరిలో పవర్‌లూమ్ మగ్గాలు నడుపుకుంటూ అక్కడే ఉన్నాడు.

రెండువేల రెండో సంవత్సరం వేసవిలో మొదలైంది. నొప్పి లేదు. రెండు ముద్దలు తినేసరికి పెళ్ళి భోజనం చేసినట్టు కడుపు నిండిపోయేది. మామిడికాయ పచ్చడి వల్లేమోనని మానేశాను. చింతపండు మానేశాను. కాఫీ మానేశాను. మా ఆయన సాయంత్రం కోర్టు నుంచి వస్తూ గ్యాస్ మాత్రలు తెచ్చేవారు. వేసుకున్న గంటసేపు బాగున్నట్టే ఉండేది. కాలేజీ తెరిచేసరికి నా జాకెట్లన్నీ వదులైపోయాయి. స్టాఫ్ రూములో అందరూ సన్నబడ్డావని మెచ్చుకున్నారు, ఏం తింటున్నావని అడిగారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. అదే నా మొదటి తప్పు. తినకుండానే బరువు తగ్గుతుంటే సంతోషించే వయసు కాదు నాది, నలభై ఆరు.

దసరా సెలవులు అయ్యాక ఒకరోజు బోర్డు మీద కణం బొమ్మ గీస్తూ గీస్తూ కుర్చీలో కూలబడ్డాను. చిత్తూరు డాక్టరు చేయి పట్టి చూసి, రక్తం బాగా తగ్గింది, తిరుపతి పోయి నోట్లోంచి కడుపులోకి గొట్టం వేయించుకుని చూపించుకోమన్నారు.

తిరుపతిలో పెద్దాసుపత్రి వరండాలో ఎదురుచూసినంత నేను జీవితంలో ఇంకెక్కడా ఎదురుచూడలేదు. అక్కడ సగం మంది గుండ్లతో ఉంటారు. ఎలాగూ తిరుపతి వస్తున్నామని ముందు కొండెక్కి తలనీలాలిచ్చి, తర్వాత ఆసుపత్రికి వస్తారు. గంధం పూసిన గుండు మీద చెమట కారుతుంటే, ఒళ్ళో ఎక్స్‌రే కవరు పెట్టుకుని కూర్చుని ఉంటారు. పేరు పిలిచినప్పుడల్లా పదిమంది లేస్తారు. ఒకరు లోపలికి పోతారు, తొమ్మిదిమంది కూర్చుంటారు.

గొట్టం వేసి చూసి ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత కాగితం వచ్చింది. కేన్సరు కణాలు కనబడలేదని రాశారు. డాక్టరు మాత్రం ఒక మాట అన్నాడు. లోపలికి గాలి పంపినప్పుడు కడుపు సాగవలసినంత సాగలేదు, నెలలో తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నాడు. ఆ మాట నేనూ విన్నాను, నాకు తోడుగా వచ్చి పక్కనే నిలబడ్డ మునిరత్నమూ విన్నాడు. వాడు ముందరి మాట ఒక్కటే పట్టుకున్నాడు. బస్టాండులో తనకూ నాకూ కాఫీలు తెచ్చి, నాకు వద్దంటే రెండూ తనే తాగేసి, చిన్నపిల్లాడిలా తిరిగాడు.

నెల గడిచింది. తగ్గలేదు. మళ్ళీ వెళదామన్నాను. మునిరత్నం నగరి నుంచి ఫోనులోనే కోప్పడ్డాడు.

"రిపోర్టులో లేదంటే లేదుక్కా. ఊరికే గొట్టాలేపిచ్చుకోని ఉన్న ఒళ్ళు పాడు చేసుకుంటావా? దిగులుతోనే నువ్వు సన్నబడతా ఉండావు. గమ్మునుండు."

మా ఆయన వాడి మాటే బాగుందన్నారు. నిజం చెప్పాలంటే నాకూ బాగుంది. లేదన్న కాగితం ఇంట్లో ఉండగా, ఉందేమోనని వెతుక్కుంటూ పోవడానికి ఎవరికి మనసొస్తుంది? అలా ఇంకో రెండు నెలలు పోయాయి. జనవరి చివర్లో నీళ్ళు తాగినా వాంతి కావడం మొదలైంది.

అప్పుడు ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే బయల్దేరాను. కాలేజీకని చెప్పి, బస్టాండుకు పోయి తిరుపతి బస్సెక్కాను. తీరా అక్కడ గొట్టం వేయాలంటే తోడు మనిషి సంతకం కావాలన్నారు. తోడు లేదన్నాను. అయితే రేపు రమ్మన్నారు. రేపంటే ఇంట్లో చెప్పాలి, మళ్ళీ వద్దంటారు, మళ్ళీ నేను వింటాను. నేను చీటీలు రాసే కిటికీ ముందు అలాగే నిలబడిపోయాను. వెనకాల బెంచీ మీద కూర్చున్న ఒకావిడ లేచి వచ్చింది. తడ అనే ఊరి నుంచి భర్తను తీసుకొచ్చిందని తర్వాత తెలిసింది. పేరు ఆదెమ్మ.

"నా సెల్లెలే. నా పేరు రాసుకోండి సార్," అని వేలిముద్ర వేసేసింది.

నేను బయటికి వచ్చేదాకా నా చేతిసంచి, చెప్పులు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆ మధ్యలో భర్త పేరు పిలిస్తే, ఆయన్ను లోపలికి పంపి మళ్ళీ నా తలుపు దగ్గరికే వచ్చిందట. ఆమెను ఆ తర్వాత మందులు ఎక్కించే వార్డులో రెండుసార్లు చూశాను. మూడోసారి కనబడలేదు. ఆమె భర్త ఏమయ్యాడో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఈసారి ఒకేచోట మళ్ళీ మళ్ళీ లోతుగా ముక్కలు తీశారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పేశాను. కాగితం తేవడానికి మా ఆయన నన్ను రావద్దన్నారు. ఆయనా మునిరత్నమూ వెళ్ళి, తిరిగొచ్చి, పుండు పడింది, ఆపరేషన్ చేస్తే పోతుందని చెప్పారు. చెబుతున్నంతసేపూ మునిరత్నం నా మొహం వైపు చూడలేదు.

ఆపరేషన్‌కు ముందు గుండె పరీక్ష చేయించాలి. ఆ వరుసలో నర్సు నా ఫైలు నా చేతికే ఇచ్చి కూర్చోమంది. తెరిచి చూశాను, కేన్సరుకు డాక్టర్లు రాసే పేరు అందులో ఉంది. జీవశాస్త్రం చదువుకున్నదాన్ని, ఆ మాట నాకు ఒకరు విడమరచి చెప్పనక్కరలేదు. మళ్ళీ మూసి, అంచులు సరిచేసి, ఒళ్ళో పెట్టుకున్నాను. నా ముందు ఇంకా ఆరుగురు ఉన్నారు. వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుంటే వింటూ కూర్చున్నాను. భయం అప్పుడు రాలేదు. ఇంట్లో ఈ ఇద్దరూ నా ముందు నవ్వడానికి ఎంత కష్టపడుతున్నారో అని మాత్రం అనిపించింది.

రెండు రోజులు నేనూ తెలియనట్టే ఉన్నాను. మూడోరోజు మధ్యాహ్నం వార్డులో మా ఆయన మంచం పక్క కూర్చుని, పుండు తగ్గినాక కాణిపాకం పోదామని ఏదో చెబుతుంటే, నాకు తెలుసన్నాను.

"నీకు చెప్తే నువ్వు పడిపోతావని కాదు ప్రమీలా," అన్నారు. "నోటితో ఆ మాటంటే నేను పడిపోతానని."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన అంత సూటిగా మాట్లాడటం అదే మొదలు. దాచినందుకు కోపం ఉంది. ఆ మాట విన్నాక ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఫిబ్రవరిలో కడుపు మొత్తం తీసేశారు. ఆపరేషన్ గురించి రాయడానికి నాకేం తెలుసు? మెలకువ వచ్చాక దాహం. నోరంతా దాహం. తడిగుడ్డతో పెదాలు తుడిచేవాళ్ళు, అంతే. చుట్టూ ఉన్న లింఫు గ్రంథుల్లో కొన్నింటికి పాకిందని, మందులు ఎక్కించాలని చెప్పారు. ఎండాకాలం, వానాకాలం అంతా ఆ మందులతోనే పోయింది. మూడు వారాలకోసారి తిరుపతి. మందు ఎక్కిన మర్నాటి నుంచి వారం రోజులు గోడవైపు తిరిగి పడుకోవడం. అన్నం ఉడికే వాసనకు కడుపులో తిప్పేది. తిప్పడానికి కడుపే లేదు కదా, మరి ఇది ఎక్కడినుంచి వస్తోందని విసుక్కునేదాన్ని.

ఈ కాలంలో ఇంట్లో ఎవరం మంచిగా లేము. మా ఆయన నాకు గంటకోసారి నాలుగు చెంచాల గంజి పట్టాలి. ఆఫీసుకు సెలవు పెట్టి, గడియారం చూసుకుంటూ, చెంచా పట్టుకుని నిలబడేవారు. వద్దంటే బతిమాలేవారు. ఒకరోజు గిన్నె తోసేశాను. గోడకు కొట్టుకుని గంజంతా నేల మీద పడింది. ఆయన గుడ్డ తెచ్చి తుడిచి, మళ్ళీ కాచడానికి వంటింట్లోకి పోయారు. తిట్టి ఉంటే బాగుండేది. జబ్బు మనిషిని చూసుకునేవాళ్ళకు ఇదొక మాట చెప్పాలి. అప్పుడప్పుడు మమ్మల్ని తిట్టండి. మీరు ఓర్చుకుంటున్నకొద్దీ మాకు ఊపిరాడదు.

మునిరత్నం మాత్రం రావడం మానేశాడు. ఆపరేషన్ రోజు థియేటర్ బయట ఉన్నాడట. ఆ తర్వాత నూలు ధరనీ, కరెంటు కోతనీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు. ఫోను చేస్తే మా ఆయనతో మాట్లాడి పెట్టేసేవాడు. నేనూ ఇవ్వమని అడిగేదాన్ని కాదు. మంచం మీద పడుకుని నేను లెక్కపెట్టుకునేది ఆ రెండు నెలల్నే. వాడు గమ్మునుండమనకపోతే గ్రంథులకు పాకేదా? నా చేతుల మీద పెరిగినవాడు నన్ను గమ్మునుండమన్నాడు, నేను ఉన్నాను. ఆ మాట లోపల నానుతూ ఉండేది. మందుల వాంతి కన్నా అదే ఎక్కువ చేదుగా ఉండేది.

కార్తీక మాసానికి మందులు పూర్తయ్యాయి. జుట్టు చిన్న చిన్నగా మొలుస్తోంది. ఆఖరి పరీక్షలకు వెళ్ళిన రోజు, ఏం బుద్ధి పుట్టిందో, నా ముక్కలు పరీక్షించిన విభాగం ఎక్కడుందో కనుక్కుని మెట్లెక్కి వెళ్ళాను. అక్కడి పెద్ద డాక్టరమ్మ యాభై దాటిన మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. నా స్లైడు చూపించమని అడిగాను. చూసి ఏం చేస్తావమ్మా, నిద్ర పాడు చేసుకోవడానికా, అంది.

"ఇరవై ఏండ్లుగా పిల్లోళ్ళకు ఉల్లిపొర చూపిస్తా ఉండాను మేడమ్," అన్నాను. "నాది నేను చూడకపోతే ఎట్ల?"

ఆమె మనిషిని పిలిచి, బీరువాలోనుంచి అట్టపెట్టె తీయించింది.

గాజుపలక మీద గోరంత ముక్క. అది నా కడుపుగోడ. మైక్రోస్కోపులో కన్ను పెడితే ముందు గులాబీరంగు తప్ప ఏమీ కనబడలేదు. మర తిప్పి సరిచేసుకున్నాక తేటపడింది. అలలు అలలుగా గులాబీ పోగులు, వాటి వెంబడి సన్నగా పొడుగ్గా, రెండు కొసలూ సూదిలా ఉన్న కణాలు. ఎటు జరిపినా అవే. వందలకొద్దీ. అమ్మో, ఇంత కేన్సరా అనుకున్నాను.

"ఇదంతానా?" అన్నాను.

"కాదు. ఇదిగో, ఈడ సూడు," అని ఆమె పక్కనున్న రెండో కటకంలోంచి చూస్తూ సూచిక ముల్లు జరిపింది. పోగుల మధ్య గుండ్రంగా, లోపలి కేంద్రకం ఒక పక్కకు నెట్టేసినట్టున్న కణం ఒకటి. కొంచెం అవతల ఇంకొకటి. తర్వాత చాలాదూరం ఏమీ లేదు. మళ్ళీ రెండు. "ఇవీ జబ్బువి."

"మరి మిగిలినవి?"

"అవి నీవే. అందరికీ ఉంటాయి. యాడన్నా గాయమైతే వచ్చి పోగులు అల్లి పూడ్చేవి అవే. నీకు ఆపరేషన్ కుట్లు మానినాయి కదా, అది వాటి పనే."

ఆమె కుర్చీ జరిపి కూర్చుని తీరిగ్గా చెప్పింది. జబ్బు కణం ఒంటరిగా ఎక్కడికీ పోగలిగింది కాదట. చుట్టూ ఉన్న ఈ మంచి కణాలకు అది ఏవో సంకేతాలు పంపుతుంది. వాటికి అది గాయంలాగే తోస్తుంది. పూడ్చాలని పోగులు అల్లుతాయి, ఆ గాయం మానదు, ఇంకా అల్లుతాయి. అల్లుతూ అల్లుతూ వాటి నడత కూడా మారుతుంది. జబ్బు కణం ఎదగడానికి కావలసిన రసాలు అవే స్రవిస్తాయి, అది జరిగిపోవడానికి దారులూ అవే చేసిపెడతాయి. అలా గ్రంథుల దాకా చేరుతుంది. అందుకే నా కడుపు తోలులా బిగిసిపోయి సాగకుండా పోయిందట. అందుకే రెండు ముద్దలకే నిండిపోయేదట. ఇదంతా ఈమధ్యనే బాగా తెలుసుకుంటున్నారని, అన్నీ జబ్బుకే సాయపడతాయనీ చెప్పలేమని, కొన్ని అడ్డం నిలబడతాయేమో కూడా అని, వాటిని దారికి తెచ్చే మందు ఇప్పటికైతే లేదని చెప్పింది.

అప్పుడు నేను అడగవలసింది అడిగాను. మొదటిసారి ఎందుకు కనబడలేదు?

ఆమె వేరే స్లైడు పెట్టింది. అది మొదటిసారి తీసిన ముక్క. పైపొర చక్కగా, మా పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది.

"జబ్బు కిందుండాది. పైన పొర బాగుండాది. ఆ రోజు గొట్టానికి చిక్కింది ఈ పైపొరే. కింద పోగుల మధ్య ఒకటీ అరా దాక్కున్నదాన్ని ఎవరు సూసేది? ఈ రకంలో ఇట్ల జరుగుతుంది. నేనే సూసినాను ఆ ముక్కను. నీది కాబట్టి చెప్తా ఉండా, దాన్ని మళ్ళీ మళ్ళీ సూసినాను."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఏడాదిగా ఆ ముక్క ఈమెకూ బరువుగానే ఉందని అప్పుడు తెలిసింది. మీ తప్పు లేదండీ అన్నాను. మొదటిసారికే గ్రంథులకు పాకిందా, మళ్ళీ వస్తుందా అని అడిగాను. చెప్పలేనంది. చెప్పలేనని చెప్పినందుకు నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

అందుకే ఇది చదివేవాళ్ళకు ఈ ఒక్క మాట. లేదని కాగితం వచ్చినా, ఒళ్ళు వేరే మాట చెబుతుంటే మళ్ళీ వెళ్ళండి. అడగడానికి సిగ్గుపడకండి. డాక్టరును అనుమానించినట్టేమీ కాదు.

చిత్తూరు బస్సులో మా ఆయనకు ఇదంతా చెప్పాను. చంద్రగిరి దాటాక, మరి ఆర్నెల్లు నేను తెచ్చిచ్చిన ఆ గ్యాస్ మాత్రల సంగతి, అన్నారు ఆయన. ఆ మాత్రలు ఏడాదిగా ఆయన లోపల ఉన్నాయని నాకు తెలియదు. గొట్టం వేసి చూసినా కనబడనిది మీకెట్ల తెలుస్తుందని అడిగాను. ఆయన ముందు సీటు కమ్మీ మీద తల ఆనించుకున్నారు. పాకాల దారి చీలేచోట తల ఎత్తి, మునిరత్నానికి ఇది చెప్పాల, అన్నారు. ఫోనులో చెబుతానన్నాను. ఆయన వద్దన్నారు.

"పోయి చెప్పు. వాడు నాతో ఫోన్లో ఏడస్తా ఉండాడు, నీకు చెప్పొద్దని."

పది రోజుల తర్వాత నగరి వెళ్ళాను. మా ఆయన బస్సెక్కించారు, నేనొక్కదాన్నే వెళతానన్నాను. వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు వినిపించింది. మునిరత్నం షెడ్డు గడపలో నన్ను చూసి, చేతిలో ఉన్న నూలుకండె పక్కన పెట్టడం కూడా మరిచిపోయాడు. పొట్టి జుట్టు, ముప్ఫై ఎనిమిది కిలోల మనిషిని. వాడు నన్ను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది, అది నేను చూశాను.

లోపలి గదిలో చాప మీద కూర్చుని చెప్పాను. పైపొర, కింది పోగులు, ఒకటీ అరా దాక్కున్నవి, గాయమనుకుని అల్లుకుంటూ పోయేవి, అన్నీ. వాడు పదో తరగతితో చదువు ఆపినవాడు, అయినా అడ్డం అడగకుండా విన్నాడు. అంతా అయ్యాక తల వంచుకునే అడిగాడు.

"అట్లయితే నేను అడ్డం చెప్పకపోయింటే?"

ఏమీ కాదురా అనడానికి నోరు తెరిచాను. కానీ ఇద్దరు మనుషులు నవ్వుతూ నాకు అబద్ధం చెప్పినప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"రెండు నెల్లు ముందు తెలిసేదేమో," అన్నాను. "అప్పటికే పాకిండిందో లేదో, ఆ డాక్టరమ్మే చెప్పలేకపోయింది. నువ్వు గమ్మునుండమన్నావు. నేనూ ఉండాలనే ఉండినాను మునిరత్నం. పోవాలనుకుంటే నువ్వు ఆపితే ఆగేదాన్నా? తర్వాత పోలేదా ఒక్కదాన్నే?"

వాడు మొహం తువ్వాలుతో తుడుచుకుని, "నువ్వు సచ్చిపోతావని రాలేదుక్కా," అన్నాడు. "నా మాట విని సచ్చిపోతా ఉండావని, నిన్ను సూస్తా కూర్చోలేక."

వాడి వీపు మీద చేయి వేశాను. పెద్దవాడైపోయాడు, వెడల్పాటి వీపు. కాసేపటికి, ఏమన్నా తింటావా అన్నాడు. నాలుగు ముద్దలు పెట్టమన్నాను. చారన్నం మెత్తగా పిసికి తెచ్చాడు. మెల్లగా మూడు ముద్దలు తిన్నాను, నాలుగోది పోలేదు. వాడు బతిమాలలేదు.

కడుపు తీసేసినప్పటినుంచి తినగానే ఒళ్ళంతా చెమట పట్టి, కళ్ళు తిరగడం నాకు మామూలు. పడుకోవాలన్నాను. వాడు దిండు తెచ్చి, లేచి షెడ్డులోకి పోబోయాడు.

"యాడికి?"

"మగ్గాలు ఆపేస్తాను. ఈ సద్దులో నీకేం నిద్ర పడుతుంది?"

"ఆపొద్దు," అన్నాను. "నడవనీ."

ఆ ఏడాదంతా నేను పడుకుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. అడుగుల చప్పుడు ఆగేది, గిన్నెల చప్పుడు ఆగేది, గుమ్మం దగ్గర గుసగుసలు. ఇక్కడ గోడ అవతల ఎనిమిది మగ్గాలు ఎవరికోసమూ ఆగకుండా ఆడుతున్నాయి. నేల అదురుతోంది, చాప అదురుతోంది. మునిరత్నం తలుపు వారగా వేసి పనిలోకి వెళ్ళాడు. ఆ సాయంత్రం దాకా ఒక్కసారి కూడా లేవకుండా నిద్రపోయాను.